నెట్టు మనకు అద్దెకొచ్చింది: తెనాలి, బాపట్ల, రేపల్లె

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలైంది 1995 ఆగస్టు 15న. విదేశ్ సంచార్ నిగమ్ దాన్ని ముందుగా ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో ప్రారంభించింది. అదే ఏడాది మార్చి 31న ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నిబంధనలు వచ్చాయి. ఈ రెంటికీ సంబంధం ఏమిటని అడగొచ్చు. ఉంది. చట్టం ఉండటం వేరు, అందులో ఏం రాసుందో బాధితుడి చేతికి అందటం వేరు. తెనాలి దగ్గరి చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపే నాటికి ఆ చట్టం అమల్లోకి వచ్చి ఏడాదిన్నర దాటింది. పల్లె వదిలి తెనాలి శిబిరంలో తలదాచుకున్న వాళ్ళలో ఎంతమంది దాని ప్రతి కళ్ళజూసి ఉంటారు?

అందువల్ల, 'ఇంటర్నెట్ అందరికీ శక్తినిచ్చింది' అనే మాటను మనం అలాగే మింగకూడదు. ఎవరికి, ఎప్పుడు, ఏ దారిన ఇచ్చిందో చూడాలి.

1995లో తెనాలికి దగ్గరి కేంద్రం మద్రాసు. రైలు దారిన సుమారు 400 కిలోమీటర్లు. నెట్టు కావాలంటే ఇంట్లో ఫోనుండాలి, కంప్యూటరుండాలి, ఇంగ్లీషు రావాలి, పైన ఎస్టీడీ బిల్లు కట్టాలి. ఇవన్నీ ఎవరిళ్ళలో ఉన్నాయో చెప్పనక్కర్లేదు. డెల్టాలో కాలవ నీళ్ళు ఎవరి చేలల్లో పారాయో ఫోను తీగలూ చాలామటుకు ఆ ఇళ్ళకే పోయాయి.

మార్పు 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు అనుమతి ఇచ్చిన తర్వాత వచ్చింది. ఆ తర్వాతి ఏళ్ళలో చిన్న పట్టణాల్లో కూడా నెట్ సెంటర్లు లేచాయి. నా ఉద్దేశంలో మనకు సంబంధించిన అసలు చరిత్ర ఇక్కడే మొదలవుతుంది. ఫోనూ కంప్యూటరూ కొనుక్కోలేని ఇంటి పిల్లవాడు వాటిని గంట లెక్కన అద్దెకు తీసుకున్నాడు. ఆ గంట డబ్బులు కూలి ఇంటి లెక్కలో చిన్నవేం కావు. అయినా కుర్చీలో కూర్చోడానికి కులం చెప్పాల్సిన పని లేదు, డబ్బులిస్తే చాలు.

బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచీ, ఇంజనీరింగ్ కళాశాల 1981 నుంచీ ఉన్నాయి. హాస్టళ్ళలో ఉండే విద్యార్థులకు పరీక్షా ఫలితాలు, ఉద్యోగ ప్రకటనలు నేరుగా చూసుకునే వీలు కలగడం తక్కువ సంగతి కాదు. చదువుకున్న బంధువులు లేని ఇంట్లో, ఫలానా దరఖాస్తుకు గడువు దాటిపోయిందని దాటిన తర్వాతే తెలిసేది. అంబేద్కర్ చదువుకున్న కొలంబియా విశ్వవిద్యాలయమే 2004లో ఆయన 'కులనిర్మూలన' ఇంగ్లీషు పాఠాన్ని నెట్టులో ఉచితంగా పెట్టింది. కాలేజీ లైబ్రరీలో ఆ పుస్తకం ఉందా లేదా అన్నదానితో ఇక పని లేకుండా పోయింది.

వృత్తుల్లో ఉన్నవాళ్ళలో ఎక్కువ లాభపడింది మొదటి తరం వకీళ్ళని చెప్పాలి. తెనాలి, రేపల్లె కోర్టుల్లో కొత్తగా నల్లకోటు తొడిగిన దళిత వకీలుకు బీరువాల నిండా ఏఐఆర్ సంపుటాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? సీనియరు దయదలచి తీసిస్తే చదవాలి. ఆ సీనియరే అవతలి పక్షాన ఉంటే? సుప్రీంకోర్టు తీర్పులను ప్రభుత్వ సంస్థ నిక్ 'జూడిస్' పేరుతో ఉచితంగా అందించింది. 2008లో 'ఇండియన్ కానూన్' వచ్చింది. అత్యాచార కేసును డీఎస్పీకి తగ్గని అధికారి దర్యాప్తు చెయ్యాలనే 7వ నిబంధననూ, బాధితులకు ఎంత సొమ్ము ఇవ్వాలో చెప్పే షెడ్యూలునూ నాలుగు కాగితాల మీద ప్రింటు తీసి ఆఫీసులో గుమాస్తా ముందు పెడితే సంభాషణ స్వరం మారుతుంది. 'అలాంటి రూలు లేదు పోవయ్యా' అనడం అంత తేలిక కాదు. కరణాల వ్యవస్థను 1984లో రద్దు చేశారు గానీ, కాగితం దాచి మనిషిని తిప్పించుకునే అలవాటు రద్దు కాలేదు కదా.

వినియోగదారుల విషయంలో అంత ఉత్సాహపడక్కర్లేదు. 2002 నుంచి రైలు టిక్కెట్లు నెట్టులో దొరికాయి, సరే. మార్కెట్ ధరలు చెప్పే 'ఆగ్‌మార్క్‌నెట్' 2000లో వచ్చింది. దుగ్గిరాల యార్డులో పసుపు ధర తెలిసినా, పెట్టుబడికి ముందే షావుకారు దగ్గర బాకీపడ్డ కౌలు రైతు ఆ షావుకారు చెప్పిన ధరకే తూచాలి. ధర తెలిసినంత మాత్రాన బేరమాడే బలం రాదు.

పైగా నెట్ సెంటర్లోనూ కొత్త దళారి పుట్టాడు. ఇంగ్లీషు ఫారం నింపలేనివాడి తరఫున సెంటరు కుర్రాడే నింపుతాడు, తప్పు పడితే దరఖాస్తు పోతుంది. తొలినాళ్ళ తెలుగు పత్రికల సైట్లకు ఒక్కోదానికి ఒక్కో ఫాంటు దించుకోవాలి, లేకపోతే గీతలూ గుర్తులే కనబడేవి. ఆ అవస్థ యూనికోడ్ వ్యాపించాక గానీ తీరలేదు. పై కోర్టుల భాష మటుకు అప్పుడూ ఇప్పుడూ ఇంగ్లీషే. చుండూరు కేసులో 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది, కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. పై కోర్టుల తీర్పులు ఏ ఊళ్ళో నెట్టులో వెతికినా దొరుకుతాయి, చాలావాటిని చదవాలంటే ఇంగ్లీషు రావాలి. 2007లో తీర్పిచ్చిన కోర్టు మాత్రం చుండూరులోనే, సాక్షులు ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దగ్గర్లో కూర్చుంది.