క్లచ్ విప్పేందుకు సుత్తి, ఉలి వద్దు
సరైన పనిముట్టు లేకుంటే గేర్‌బాక్సుకే ముప్పు

ఉయ్యూరు, పామర్రు, గుడివాడ ప్రాంతాల్లో ఎరువు బస్తాలు, పాల క్యాన్లు మోసే మోటారు సైకిళ్లలో ముందుగా అరిగేది క్లచ్. బురద డొంకల్లో బరువుతో వెళ్లేటప్పుడు క్లచ్ సగం పట్టి, రేజ్ ఇచ్చి లాగించక తప్పదు. ఆ రాపిడికి ప్లేట్లు కాలిపోతాయి. ప్లేట్లు మార్చడం పెద్ద పని కాదు. కానీ దానికి కావలసిన ప్రత్యేక పనిముట్లు లేని చోట వందల రూపాయలతో పోవలసిన ఖర్చు వేలల్లోకి వెళుతోంది.

విప్పే ముందు
రేజ్ ఇస్తే ఇంజను మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్లు లెక్క. క్లచ్ పూర్తిగా పట్టినా గేరు పడక కటకటమంటుంటే అది పూర్తిగా విడవడం లేదన్నమాట. ఈ రెండు లోపాలకూ కేబులు సర్దుబాటు సరిగా లేకపోవడం కూడా కారణం కావచ్చు. చాలా చిన్న బండ్లలో క్లచ్ లీవరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. కేబులు సరిచేసి, ఇంజను ఆయిలు మార్చి చూసిన తర్వాతే మూత విప్పడం మంచిది. కారు ఇంజనుకు పోసే కొన్ని రకాల ఆయిళ్లలో రాపిడిని తగ్గించే రసాయనాలు ఉంటాయి. వాటివల్ల కొత్త ప్లేట్లు సైతం జారతాయి. మోటారు సైకిలు కోసం తయారైన, డబ్బా మీద ‘జాసో ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ అని రాసి ఉన్న ఆయిలే వాడాలి.

అసలు చిక్కు నట్టు దగ్గరే
క్లచ్ అమరికలో రెండు రకాలు ఉన్నాయి. మొదటి రకంలో నాలుగైదు స్ప్రింగు బోల్టులు విప్పి ప్రెషర్ ప్లేటు తీస్తే చాలు, క్లచ్ ప్లేట్లు చేతికి వస్తాయి. రెండో రకంలో ప్రెషర్ ప్లేటు లోపలి వైపు ఉంటుంది. మధ్యలో ఉన్న క్లచ్ సెంటరును ఊడదీస్తే గాని ప్లేట్లు రావు. ఆ సెంటరును కొన్ని బండ్లలో సర్క్లిప్పు, కొన్నింటిలో ఆరు పలకల నట్టు, మరికొన్నింటిలో నాలుగు గాట్లున్న గుండ్రటి నట్టు పట్టి ఉంచుతాయి. ఈ గాట్ల నట్టుకు మామూలు పానా పట్టదు.

గాటులో ఉలి ఆనించి సుత్తితో కొట్టడం పల్లె షెడ్లలో ఇప్పటికీ కనిపించే పద్ధతి. నట్టు తిరుగుతుంది గాని గాటు అంచులు చెదిరి ఇనుప రజను ఇంజనులో పడుతుంది. ఒక్కొక్కసారి షాఫ్టు మర కూడా చెడుతుంది. నట్టుతో పాటు క్లచ్ తిరగకుండా గేరు పళ్ల మధ్య స్క్రూ డ్రైవరు దూర్చడం మరో తప్పు. ఒక్క పన్ను విరిగితే ఇంజను మొత్తం విప్పవలసిందే.

కావలసినవి ఇవి
గాట్ల నట్టుకు నాలుగు పళ్ల సాకెట్టు వాడాలి. దీనిని కొనేటప్పుడు పాత నట్టును దుకాణానికి తీసుకువెళ్లి సరిచూసుకోవాలి. పళ్లు గాటులో పూర్తి లోతుకు దిగాలి, అటూ ఇటూ ఆడకూడదు. సర్క్లిప్పు ఉన్న బండికి సర్క్లిప్పు ప్లయరు కావాలి.

రెండోది క్లచ్ తిరగకుండా పట్టుకునే హోల్డరు. దీనిని షెడ్డులోనే తయారు చేసుకోవచ్చు. అదే మోడలుకు చెందిన పాత ఇనుప ప్లేటుకు పొడుగాటి కడ్డీ వెల్డింగ్ చేస్తే సెంటరు పళ్లకు సరిగ్గా సరిపోతుంది. పాత బాక్సు స్పానరు చివర రంపంతో నాలుగు పళ్లు కోసి సాకెట్టుగా వాడేవారూ ఉన్నారు. అయితే అది మెత్తని ఇనుము కావడంతో కొద్ది రోజులకే పళ్లు వంగిపోతాయి. కాబట్టి హోల్డరు చేసుకున్నా, సాకెట్టు మాత్రం కొనడమే మేలు.

మూత స్క్రూలు బిగుసుకుపోతే సుత్తితో కొట్టగానే తిరిగే ఇంపాక్టు డ్రైవరు ఉపయోగపడుతుంది. మామూలు స్క్రూ డ్రైవరుతో తంటాలు పడితే స్క్రూ తల అరిగి, డ్రిల్లు చేయవలసి వస్తుంది. పాత నాలుగు గేర్ల బుల్లెట్టుకు క్లచ్ ఎడమ వైపు ఉంటుంది. దాని సెంటరు షాఫ్టు మీద బిగుసుకుని ఉంటుంది కనుక మరతో లాగే పుల్లరు కావాలి. రెండు వైపులా స్క్రూ డ్రైవర్లు పెట్టి ఎత్తితే వెనుక భాగాలు వంగుతాయి.

కొలిచి మార్చాలి
ప్లేటు అరిగిందీ లేనిదీ కంటితో చెప్పడం కష్టం. చిన్న బండ్లలో కొత్త ప్లేటు మందం సుమారు 3 మిల్లీమీటర్లు. మిల్లీమీటరులో కొన్ని పదో వంతులు తగ్గితేనే అది పనికిరాదు. అందుకే వెర్నియరు అవసరం. ఇనుప ప్లేటును అద్దం మీద పెట్టి ఫీలరు గేజితో వంపు చూడాలి. చాలా బండ్లకు 0.20 మిల్లీమీటరు మించకూడదు. స్ప్రింగుల పొడవు కూడా కొలవాలి. కచ్చితమైన హద్దులు ఆయా మోడలు సర్వీసు పుస్తకంలో ఉంటాయి.

బిగింపులోనే మెలకువ
కొత్త ప్లేట్లను ఇంజను ఆయిల్లో నానబెట్టిన తర్వాతే ఎక్కించాలి. నట్టు కింద వాషరు మీద ‘అవుట్‌సైడ్’ అని ఉంటే ఆ వైపు బయటికే రావాలి. స్ప్రింగు బోల్టులను ఎదురెదురుగా, కొద్ది కొద్దిగా రెండు మూడు విడతల్లో బిగించాలి. 6 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 10 నుంచి 12 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. అంతకు మించితే అల్యూమినియం మర చెడుతుంది. కారు చక్రాలకు వాడే పెద్ద టార్క్ రెంచి ఇంత తక్కువ బిగువును చూపలేదు. బోల్టులకు 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల చిన్న రెంచి తీసుకోవాలి. గాలి గన్నుతో నట్టు విప్పవచ్చు గాని బిగించరాదు.

కొత్తగా షెడ్డు పెట్టే యువకుడు అన్నీ ఒకేసారి కొననక్కరలేదు. తన ఊరిలో ఎక్కువగా తిరిగే రెండు మూడు మోడళ్లు చూసుకుని ముందు వాటికి సరిపడే సాకెట్టు, ఇంపాక్టు డ్రైవరు, సర్క్లిప్పు ప్లయరు కొనాలి. హోల్డరు చేసుకోవాలి. తర్వాత వెర్నియరు, ఆపై చిన్న టార్క్ రెంచి. మిగతావి పని పెరిగే కొద్దీ సమకూర్చుకోవచ్చు.

బండి ఇచ్చే రైతు కూడా ఒక మాట అడగడంలో తప్పు లేదు. సెంటరు నట్టు దేనితో విప్పుతారో చూపించమనాలి. పాత ప్లేట్లు తిరిగి తీసుకోవాలి. చేతిలో సాకెట్టు కాక ఉలి కనిపిస్తే మరో షెడ్డు చూసుకోవడమే లాభం.