లాక్, స్టాక్, బ్యారెల్: పాత తుపాకీ ప్రాణమంతా ఒక చిన్న చిల్లులోనే

మొన్న మన వత్సవాయి కుర్రాడొకడు నాకో వీడియో పంపాడు. అమెరికాలో ఒక పెద్దాయన తన షెడ్డులో కూర్చుని పాతకాలం రైఫిల్ చేత్తో తయారు చేస్తున్నాడు. కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఇది మనం కూడా చెయ్యొచ్చా?"

జవాబు ముందే చెప్పేస్తా. చెయ్యకూడదు. ఎందుకు అనేదే ఇవాళ్టి ఎపిసోడ్.

ముందు ఈ తుపాకీ ఏంటో చూద్దాం. దీనికి తూటా వెనక నుంచి పెట్టరు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, గజంతో లోపలికి దట్టిస్తారు. గజం అంటే పొడవాటి కడ్డీ. 1757లో బొబ్బిలి యుద్ధంలో పేలినవి ఇలాంటివే. మన జగ్గయ్యపేట కట్టించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారి కాలంలో సిపాయిల చేతుల్లో ఉన్నవీ ఇవే. 1857 తిరుగుబాటుకి నిప్పు పెట్టిన ఎన్‌ఫీల్డ్ కూడా మూతి నుంచి నింపేదే. కాకపోతే దాని గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్ళు ఉంటాయి. అవి గుండుని తిప్పుతూ పంపుతాయి, అందుకే అది రైఫిల్.

ఇంగ్లీషులో "లాక్, స్టాక్ అండ్ బ్యారెల్" అనే మాట వినే ఉంటారు. మొత్తం సామానుతో సహా అని అర్థం. ఆ మూడూ తుపాకీ భాగాలే. బ్యారెల్ అంటే గొట్టం. స్టాక్ అంటే చెక్క. లాక్ అంటే తలుపు తాళం కాదు, నిప్పు పుట్టించే యంత్రం. అందులో ఒక గుర్రం ఉంటుంది. నాలుగు కాళ్ళ గుర్రం కాదండోయ్, చెకుముకి రాయిని పట్టుకునే కొక్కేన్ని తెలుగులో గుర్రం అనేవాళ్ళు.

ట్రిగ్గర్ నొక్కగానే గుర్రం కిందపడుతుంది. రాయి ఉక్కు రేకుని గీరుతుంది, రవ్వలు రాలతాయి. పక్కనే చిన్న గిన్నెలో చిటికెడు మందు ఉంటుంది. దీని పేరు రంజకం. అది భగ్గుమంటుంది. ఆ మంట గొట్టం పక్కనున్న చిన్న చిల్లులోంచి లోపలికి దూరి అసలు మందుని అంటిస్తుంది. అప్పుడు గుండు బయటికొస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది.

ఇప్పుడు అసలు పాయింట్. లాక్, గొట్టం కలిసేది ఆ ఒక్క చిల్లు దగ్గరే. గొట్టం వెనక భాగాన్ని గట్టి బిరడాతో మూసేస్తారు. చిల్లు సరిగ్గా దాని ముందు ఉండాలి. కొంచెం వెనక్కి జరిగితే బిరడా అడ్డొస్తుంది, మంట లోపలికి పోదు. రంజకం మాత్రం తుస్సుమంటుంది. చిల్లు గిన్నె మట్టానికి బాగా కిందికి దిగితే, అందులో మందు నిండిపోయి వత్తిలా కాలుతుంది. పేలడం లేటవుతుంది. "పేల్లేదేంటి" అని మూతి వైపు తొంగి చూసినవాడి సంగతి ఊహించుకోండి. లాక్‌కీ గొట్టానికీ మధ్య సందు ఉంటే మందు ఆ సందులోకి జారుతుంది, నిప్పు తగిలితే చెక్క కాలుతుంది.

అందుకే పనివాళ్ళు గొట్టాన్ని ముందు చెక్కలో కూర్చోబెడతారు, ఆ తర్వాతే లాక్. ఇనుముకి దీపం మసి పట్టించి చెక్క మీద నొక్కుతారు. నల్లమచ్చ ఎక్కడ పడితే అక్కడే కాస్త గీకుతారు. మళ్ళీ మసి, మళ్ళీ నొక్కడం, మళ్ళీ గీకడం. వీడియోలో పెద్దాయన రోజుల తరబడి చేసింది ఇదే. తొందరపడి ఎక్కువ గీకేస్తే పోయిన చెక్క తిరిగి రాదు.

అంత జాగ్రత్తగా చేసినా, ఆ పని మీద గుడ్డి నమ్మకం పెట్టుకోలేదు. లండన్ తుపాకీ పనివాళ్ళ సంఘానికి 1637లో చార్టర్ వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో 1813లో పరీక్షశాల పెట్టారు. మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి, మనుషులు దూరంగా ఉండి పేల్చి చూసేవాళ్ళు. గొట్టం తట్టుకుంటేనే ముద్ర.

ఇప్పుడు మన నాటు తుపాకీ సంగతి చూడండి. చేలో పందుల బాధ నిజమే, కాదనను. కానీ నీళ్ళ కోసం చేసిన పైపుని గొట్టంగా వాడతారు. అతుకు ఉందా, బిరడా గట్టిగా ఉందా, చిల్లు ఎక్కడుంది, చూసేవాడు లేడు. పరీక్ష లేదు, ముద్ర లేదు. మొదటి పరీక్ష కాల్చేవాడి చెంప పక్కనే జరుగుతుంది. వెనక బిరడా ఊడితే అది వచ్చేది ముఖం మీదికే.

ఇక చట్టం. అమెరికాలో ఇలాంటి పాత మోడల్ తుపాకీలు చాలావరకు ఫెడరల్ తుపాకీ చట్టం కిందికి రావు, అందుకే ఆయన కెమెరా పెట్టుకుని మరీ చేస్తున్నాడు. మన దగ్గర అలా కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తయారు చేస్తే నేరం. 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 7 ఏళ్ళు, యావజ్జీవం దాకా పోవచ్చు. "యూట్యూబ్‌లో చూశా సార్" అంటే కోర్టు వినదు.

ఇంకో మాట. తాతల కాలం తుపాకీ ఏదైనా అటక మీద దొరికితే ట్రిగ్గర్ నొక్కి చూడకండి. మూతిలోంచి నింపిన తుపాకీలో మందు ఉందో లేదో బయటికి కనపడదు. తడి తగలకపోతే తుపాకీ మందు ఏళ్ళు గడిచినా పేలుతుంది. పిల్లల్ని దూరం పెట్టి, కదపకుండా పోలీసులకి చెప్పండి.

ఆ పనితనం చూడాలనుందా? జగ్గయ్యపేటలో హైదరాబాద్ బస్సెక్కండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. అద్దం అవతల పాత తుపాకీ కనపడితే లాక్ ఉన్న వైపు నుంచి చూడండి. గుర్రం, గిన్నె, దాని పక్కన చిల్లు. దారిలో అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అనే పేరు వింటారు. నిజాం కోసం ఫ్రెంచి రేమండ్ పెట్టించిన ఫిరంగుల కార్ఖానా పేరది.

వీడియో పంపిన తమ్ముడూ, ఆ పెద్దాయన దగ్గర నేర్చుకోవాల్సింది తుపాకీ కాదు, ఆ ఓపిక. మసి పెట్టి, నొక్కి, కొంచెమే గీకే ఆ పద్ధతి వడ్రంగంలో తలుపుకి బందు దించేటప్పుడూ పనికొస్తుంది. దానికి లైసెన్స్ అక్కర్లేదు. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.