విద్యార్థి బొమ్మకు మూలం ఎక్కడ?

రెండు కొండలు, వాటి నడుమ సగం పైకి లేచిన సూర్యుడు, కొండల కిందినుంచి మెలికలు తిరుగుతూ వచ్చే ఏరు, ఒడ్డున పెంకుటిల్లు, ఇంటి పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో టిక్కులు పెట్టినట్టు నాలుగు పిట్టలు. బడి పిల్లల డ్రాయింగు పుస్తకాల్లో తరతరాలుగా నడుస్తున్న బొమ్మ ఇది. ఇంటి నుంచి చూస్తే కొండన్నదే కనిపించని కోనసీమ పిల్లలూ ఇదే వేస్తారు, కొబ్బరితోటల ఊసే లేని ఆదిలాబాద్ పిల్లలూ ఇదే వేస్తారు. కళ్లతో చూసిన చోటునుంచి వచ్చిన బొమ్మ కాదిది. పక్క బెంచీ పిల్లవాడి పుస్తకంలోంచి, అక్క పుస్తకంలోంచి, గోడమీది చార్టులోంచి వచ్చింది. విద్యార్థి చిత్రకారులకు ప్రేరణ ఎక్కడినుంచి వస్తుందని ఆరా తీస్తే మొదట తేలే సంగతి ఇదే: తొలి బొమ్మ మరో బొమ్మను చూసి పుడుతుంది.

ఇందులో తప్పేమీ లేదు. చిన్నపిల్లలు కనిపించినదాన్ని గీయరు, తెలిసినదాన్ని గీస్తారు. బల్లకు నాలుగు కాళ్లని తెలుసు కాబట్టి నాలుగూ గీస్తారు, ఎటునుంచి చూసినా సరే. పిల్లల చిత్రకళపై పరిశోధించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వెలువరించిన గ్రంథంలో ఈ ఎదుగుదలను దశలుగా విడగొట్టాడు. తొమ్మిదేళ్లు దాటాక పిల్లల్లో కొత్త అసంతృప్తి ఒకటి మొదలవుతుంది. తాను వేసిన గుర్రం నిజం గుర్రంలా లేదని తనకే తెలిసిపోతుంది. చాలామంది పెన్సిలు పక్కన పడేసేది అప్పుడే. మన బడుల్లో డ్రాయింగు పీరియడును లెక్కల మాస్టారు లాగేసుకునేదీ సరిగ్గా ఆ వయసులోనే. అంటే చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి అవసరమైనప్పుడే ఆ మనిషి లేకుండా పోతాడు.

అయినా మానకుండా గీసేవాళ్లు కొందరుంటారు. వాళ్లు నకలు మీద పడతారు. కేలండర్‌లోని దేవుణ్ణో, పోస్టర్‌లోని హీరోనో గళ్లు కొట్టుకుని పెద్దగా వేస్తారు. ఇప్పుడైతే ఫోన్ తెరమీద ఫొటో పెట్టుకుని వెంట్రుక వెంట్రుకా దించుతారు. చేతికి సాధన, ఇంట్లో మెప్పు రెండూ దక్కుతాయి. చిక్కు తర్వాత వస్తుంది. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షలో జ్ఞాపకం మీద వేసే చిత్రానికి చోటుంది. ఎదుట ఫొటో ఉండదు. కూరగాయలమ్మే మనిషి తక్కెడ ఎలా పట్టుకుంటుందో, బస్సెక్కేవాడి బరువు ఏ కాలిమీద ఉంటుందో ఎప్పుడైనా నిలబడి చూసినవాడికే అక్కడ చెయ్యి సాగుతుంది. నకలు నుంచి చూపు వైపు మళ్లడమే విద్యార్థి చిత్రకారుడి జీవితంలో అసలు మలుపు. తెలుగు చిత్రకళలో ఆ మలుపు ఎలా వచ్చిందో చూడాలంటే వందేళ్ల కిందటి రాజమండ్రికి వెళ్లాలి.

రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు 1909 నుంచి 1919 వరకు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఇంగ్లీషు దొర ఆస్వాల్డ్ కూల్డ్రే. పాఠం చెప్పడం ఆయన ఉద్యోగం, నీటిరంగుల్లో బొమ్మలు వేయడం ఆయన సరదా. కళాశాలలో చిత్రకళ బోధనాంశం కాదు. అయినా ఆయన చుట్టూ కుర్రవాళ్లు చేరారు. తర్వాత నవలాకారుడిగా పేరు మోసిన అడివి బాపిరాజు, కవి కవికొండల వెంకటరావు, చిత్రకారులు వరదా వెంకటరత్నం, దామెర్ల రామారావు ఆ గుంపులోవాళ్లే. ఒకే మాస్టారి ప్రోత్సాహం ఒకడి చేతిలో కథ అయింది, ఇంకొకడి చేతిలో పాట అయింది, మరొకడి చేతిలో రంగయింది. ప్రేరణ అనేదాన్ని కేవలం వృత్తివిద్యగా చూసేవాళ్లు గమనించాల్సిన సంగతి ఇది.

ఆ కాలంలో బొమ్మలంటే ఇష్టమున్న కుర్రవాడికి కళ్లెదుట ఉన్న ఆదర్శం రవివర్మ. 1894లో మొదలైన ఆయన ముద్రణాలయం నుంచి వెలువడిన లక్ష్మీ సరస్వతుల పటాలు దేశమంతటా ఇళ్ల గోడలకెక్కాయి. ఆ అచ్చులోంచి బయటపడి చుట్టూ ఉన్న ప్రకృతిని, మనుషులను చూసి గీయమన్నది కూల్డ్రే. 1897లో రాజమండ్రిలోనే పుట్టిన రామారావుకు చదువు మీద కన్నా గీత మీద గురి ఎక్కువ. దొర అతణ్ణి అజంతాకు తీసుకెళ్లి చూపించాడు, తర్వాత బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరేందుకు దారి చేశాడు. 1916 నుంచి 1920 వరకు రామారావు అక్కడ చదివాడు.

బొంబాయి చదువు పూర్తిగా పాశ్చాత్య పద్ధతి. ముందు గ్రీకు, రోమను శిల్పాల ప్లాస్టర్ నకళ్లను ఎదుట పెట్టుకుని వెలుగునీడలు సాధించాలి. తర్వాత మనిషిని కూర్చోబెట్టి గీయాలి. గ్లాడ్‌స్టన్ సాలమన్ ఆ బడికి అధిపతిగా వచ్చాక, 1919 ప్రాంతంలో, నగ్నంగా కూర్చున్న మనిషిని చూసి గీసే లైఫ్ క్లాసు అక్కడ బలపడింది. కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, భుజం వాలితే నడుము ఎటు తిరుగుతుందో రామారావు చేతికి పట్టుబడింది ఈ చదువువల్లే. ఆ రోజుల్లో బెంగాలీ పద్ధతిని అనుసరించిన చాలామంది రంగును నీళ్లతో కడిగి కడిగి పొగమంచులాంటి బొమ్మలు వేసేవారు. అందులో భావం నిండుగా ఉన్నా ఒంటికి ఎముక ఉన్నట్టు తోచదు. రామారావు బొమ్మల్లో ఎముక ఉంది.

అతడి పెద్ద చిత్రాల్లో ఒకటైన ‘ఋష్యశృంగ బంధనం’ తీసుకుంటే ఈ కలయిక తెలుస్తుంది. ఆడదాన్ని ఎన్నడూ చూడని అడవిలోని మునికుమారుణ్ణి అంగదేశపు వేశ్యలు మాయచేసి తీసుకుపోయే కథ రామాయణం బాలకాండలోది. ఇతివృత్తం పురాణం, దేహనిర్మాణం బొంబాయి, సన్నగా పొడుగ్గా సాగే స్త్రీల రేఖల్లో అజంతా. ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకారం’ లాంటివీ ఈ పోగులతో నేసినవే. ‘నందిపూజ’, ‘కార్తీక పౌర్ణమి’ దగ్గరికి వచ్చేసరికి ఇంకో పోగు కలుస్తుంది. వీటికి మూలం గ్రంథం కాదు, గోదావరి ఒడ్డున ఏటేటా జరిగే పూజా పునస్కారం. సౌరాష్ట్ర వైపు తిరిగినప్పుడు కథియవాడ్ పాలమ్మే స్త్రీలనూ అతడు వదల్లేదు. ఎక్కడికి వెళ్లినా స్కెచ్‌బుక్ వెంట ఉండేది. పూర్తిచేసిన చిత్రాలకన్నా అతడు పెన్సిలుతో వదిలిన గీతలే సంఖ్యలో ఎక్కువ. ప్రేరణ వచ్చేదాకా ఆగి కూర్చునే అలవాటు ఉన్న మనిషి పని కాదది. రోజూ చూసి, రోజూ గీసి, అందులోంచి ఒకటి ఏరుకునేవాడి పని.

బొంబాయిలో నిలదొక్కుకోగలిగి ఉండీ రామారావు రాజమండ్రికే తిరిగొచ్చాడు. చిత్రకళాశాల పెట్టాడు. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, భార్య సత్యవాణి కూడా కుంచె పట్టారు. ఆడపిల్ల బొమ్మలు నేర్చుకోవడం అంటే ముగ్గు దాకానే అనుకునే కాలంలో ఒకే ఇంట్లో ఇద్దరు చిత్రకారిణులు తయారవడం చిన్న సంగతి కాదు. 1925 ఫిబ్రవరి 6న మశూచి సోకి రామారావు చనిపోయాడు. ఇరవై ఎనిమిది నిండలేదు. అతడి కళాజీవితం మొత్తం ఒక విద్యార్థి, ఆ వెంటనే ఒక యువ ఉపాధ్యాయుడు వేసిన బొమ్మలే. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బడిని నడిపించాడు, చిత్రాలను కాపాడాడు. రామారావు పేరిట రాజమండ్రిలో ఉన్న చిత్రశాల అలా మిగిలింది. బాపిరాజు దారి మచిలీపట్నం వైపు సాగింది. అక్కడి ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ ఛటర్జీ దగ్గర అతడు బెంగాలీ పద్ధతి నేర్చాడు, తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యాడు.

నకలుకు, సొంత చూపుకు పొత్తు కుదిర్చిన మరో చోటు శాంతినికేతన్. 1919లో మొదలైన కళాభవన్‌ను ఎక్కువ కాలం నడిపిన నందలాల్ బోస్ విద్యార్థులను చెట్టు కిందికి తోలేవాడు. చెట్టును గీయడానికి ముందు ఆ చెట్టుతో పరిచయం ఉండాలన్నది ఆయన పట్టు. ఊళ్లు తిరిగేటప్పుడు పోస్టుకార్డుల మీద అక్కడి దృశ్యాలు గీసి శిష్యులకు పంపేవాడు; అదొక పాఠం. అలాగని నకలును నిషేధించలేదు. 1934లో మొదలుపెట్టిన విద్యార్థుల నివాసం ‘కాలోబాడీ’ మట్టి గోడలమీద పిల్లలే భార్హుత్ శిల్పాలను, సింధునాగరికత ముద్రలను ఉబ్బెత్తు బొమ్మలుగా దించి తారు పూశారు. మట్టితో గోడమీద ఒక ప్రాచీన శిల్పాన్ని ఎత్తుపల్లాలతో సహా చేయాల్సి వస్తే దాన్ని ఎంతసేపు చూడాలో, ఫోన్ తెరను చూసి దించేవాడు ఎంతసేపు చూస్తాడో బేరీజు వేసుకోవచ్చు.

చిత్తూరు ప్రాంతంలోని నందనూరులో 1925లో పుట్టిన ముద్రణ చిత్రకారుడు కృష్ణారెడ్డి ఋషివ్యాలీలో చదివి 1940లలో ఈ కళాభవన్‌లో చేరాడు. మొక్కలను, పూలను లోపలి అమరికతో సహా గమనించే అలవాటు అక్కడ పట్టుబడింది. లండన్ దాటి పారిస్ చేరాక, హేటర్ నడిపిన ‘అటెలియే 17’ ముద్రణశాలలో ఆ అలవాటు కొత్త సాంకేతికతకు దారితీసింది. లోహపు పలకను వేర్వేరు లోతుల్లో చెక్కి, సిరాల్లో నూనె పాళ్లు మార్చి, మెత్తని రోలరు, గట్టి రోలరు వాడితే ఒక సిరా మరోదాన్ని అంటుకోదు. ఒకే పలకనుంచి ఒకే అదుములో అనేక రంగులు పలుకుతాయి. ఆయన ముద్రించిన కలువపూలు, కెరటం, సుడిగుండం శాంతినికేతన్ పాఠానికి పారిస్ యంత్రంలో దొరికిన రూపాలు. 1968లో పారిస్‌లో విద్యార్థుల ఆందోళన చెలరేగినప్పుడు వీధి కూడా ఆయన పలకమీదికి వచ్చింది.

శాంతినికేతన్ చదువు బరోడా మీదుగా మళ్లీ తెలుగు నేలకు చేరడం ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం. కేరళలో పుట్టిన కె.జి. సుబ్రమణ్యన్ క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లిన కారణంగా ప్రభుత్వ కళాశాలల తలుపులు మూసుకుపోయి 1944లో కళాభవన్‌కు వచ్చాడు. 1946–47లో వినోద్‌బిహారి ముఖర్జీ హిందీభవన్ గోడలమీద మధ్యయుగ భక్తకవుల చిత్రం వేస్తుంటే సహాయకుల్లో ఒకడిగా నిలబడ్డాడు. పుట్టుకతోనే చూపు మందగించిన గురువు, ముందుగా గోడమీద నమూనా దించుకోకుండా నేరుగా అంత పెద్ద చిత్రం వేస్తుంటే దగ్గరుండి చూడటం కన్నా పెద్ద చదువేముంటుంది? తర్వాత 1950లో ఏర్పడిన బరోడా విశ్వవిద్యాలయ లలితకళల విభాగంలో సుబ్రమణ్యన్ అధ్యాపకుడయ్యాడు. గ్రామీణ బొమ్మలను, పటాలను, మట్టిపనిని మ్యూజియం వస్తువులుగా కాక పనికొచ్చే భాషగా చూడాలని శిష్యులకు నేర్పాడు. అక్కడి కళాసంతలో ఉపాధ్యాయులూ విద్యార్థులూ కలిసి కర్రతో, తోలుతో, పూసలతో ఆటబొమ్మలు చేసి అమ్మేవారు.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ హైదరాబాద్‌లో చదువు ముగించుకుని 1963లో బరోడా వెళ్లాడు. కుడ్యచిత్రం, ముద్రణకళ నేర్చుకుని రెండేళ్లకు తిరిగొచ్చాడు. వచ్చాక ఊరు కొత్తగా కనిపించింది. అతడి చెక్కుడు ముద్రల్లో మేకలు, ముళ్లపొదలు, ఆడామగా ఒకే సన్నని గీతతో అల్లుకుపోతాయి. పట్నం మర్యాద కప్పిపెట్టే శరీరవాంఛ అక్కడ పంట పండినంత సహజంగా బయటికొస్తుంది. చూసి కంగుతిన్నవాళ్లు చాలామందే. ఆ గీత బలాన్ని మాత్రం ఎవరూ కాదనలేకపోయారు.

కరీంనగర్ జిల్లా బూరుగుపల్లికి చెందిన తోట వైకుంఠం కూడా హైదరాబాద్ తర్వాత సుబ్రమణ్యన్ దగ్గరికే చేరాడు. చిన్నతనంలో ఊరికొచ్చిన నాటకాల వాళ్లు, ఆడవేషం కట్టే మగవాళ్ల అలంకారం అతడి కళ్లలో నిలిచిపోయాయి. అయినా అవి బొమ్మలోకి రావడానికి ఏళ్లు పట్టింది. బరోడా నుంచి తిరిగొచ్చాకే తెలంగాణ పల్లె ఆడవాళ్లు, అందరికన్నా ముందు తల్లి, తన విషయమని అతడికి తట్టింది. నల్లని నిండైన దేహాలు, నుదుట పెద్ద కుంకుమబొట్టు, ముదురు ఎరుపు, పసుపు, నారింజ చీరలు. రంగుకు రంగు కలిపి నలిపే పద్ధతి దాదాపు వదిలేశాడు. చీర ఎరుపంటే ఎరుపే. పల్లెలో ఏ చీర ఏ పనికి కడతారో, నగ మెడమీద ఎలా కూర్చుంటుందో ఇంతగా తెలిసిన చిత్రకారుణ్ణి బి. నర్సింగరావు తన ‘దాసి’ సినిమాకు కళాదర్శకుడిగా పెట్టుకున్నాడు. దొరల గడీల నాటి తెలంగాణను తెరకెక్కించిన 1988 నాటి ఆ చిత్రానికి వైకుంఠం జాతీయ పురస్కారం అందుకున్నాడు.