వార్తల్లో పదం: కెటమిన్ థెరపీ

2023 అక్టోబరులో హాలీవుడ్ నటుడు మాథ్యూ పెర్రీ మరణంతో కెటమిన్ పేరు మార్మోగింది. 1962లో తయారైన ఈ మత్తుమందు ఆపరేషన్ థియేటర్లలో నేటికీ ఎంతో అవసరం. మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ అనే కఠిన నియంత్రణ జాబితా కింద దీనిపై కట్టడి ఉంది.

మామూలు మందులకు లొంగని డిప్రెషన్‌కు దీన్ని తక్కువ మోతాదులో, సాధారణంగా 40 నిమిషాల పాటు సెలైన్‌లో ఎక్కిస్తారు. గంటల్లోనే మనసు తేలికపడొచ్చు. ఆ ఫలితం కొద్ది రోజులకో వారాలకో తగ్గిపోతుంది కనుక పాత మాత్రలు సొంతంగా ఆపకూడదు. ఎక్కించేటప్పుడు బీపీ పెరుగుతుంది, ఒళ్లు తనది కానట్టు అనిపిస్తుంది. గుండెజబ్బు, గర్భం, గతంలో భ్రమలు ఉంటే ముందే చెప్పాలి.

కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి వైపు వాళ్లు కల్లు అలవాటు ఉంటే ఆ సంగతీ డాక్టరు దగ్గర దాచకూడదు. 2025 ఏప్రిల్‌లో ఇదే జిల్లా నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. అలాంటి కల్లులో తరచూ కలిపేది ఆల్ప్రజోలం అనే మత్తుమందు. అది ఒంట్లో ఉంటే మత్తు ముదురుతుంది, కెటమిన్ ఫలితమూ తగ్గొచ్చు. అలాగని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి, ఎలా తగ్గించాలో ఆయన చూస్తారు.

చికిత్స రోజు తోడు మనిషి ఉండాలి, బండి నడపొద్దు. ముందుగా సలహా కావాలంటే టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.