ఎర్రరాతి అడుగున చిన్ని కాపురాలు

ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలకు ఇక్కడి ఎర్రని మొరం నేల చిరపరిచితమే. వర్షాలు కరిగే పదార్థాలను కడిగివేయగా, ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు మిగిలి గట్టిపడిన రాయి ఇది. 1807లో బుకానన్ దీనికి ‘లాటరైట్’ అని పేరు పెట్టాడు. ఈ బండ నేలపైకి తేలిన చోట గడ్డి సైతం పలుచగానే మొలుస్తుంది. చూపరులకు అది బంజరు. కాని ఒక రాయిని నెమ్మదిగా ఎత్తి చూస్తే తేలు, జెర్రి, రోకలిబండ, సాలెపురుగు, చీమల బారు, ఇలా నీడనూ తేమనూ నమ్ముకున్న కాపురాలెన్నో కనిపిస్తాయి.

వీటిని సర్వే చేయడానికి శాస్త్రజ్ఞులు అనుసరించే పద్ధతి సులభమైనదే. నున్నని గ్లాసును, దాని అంచు నేలమట్టానికి సరిగా ఉండేలా పాతిపెడతారు. నడిచే పురుగు అందులో జారిపడుతుంది. మేము పెరటిలో ప్రయత్నించినప్పుడు అంచు రవ్వంత పైకి నిలిచింది. చీమలు చుట్టి వెళ్ళిపోయాయి. లెవెల్ విలువను ఇంజనీరుకు చీమ నేర్పవలసి వచ్చింది! బండపై గుంట తీయడానికి వీలుండదు గనుక మట్టి నిండిన పగుళ్ళలో గ్లాసులు పాతుతారు. మిగిలిన చోట్ల నిర్ణీత సమయం పాటు రాళ్ళెత్తి వెదకుతారు. తేళ్ళను రాత్రివేళ అతినీలలోహిత దీపంతో గాలిస్తారు. ఆ కాంతిలో అవి పచ్చగా మెరుస్తాయి.

అయితే గ్లాసులో ఎక్కువ పడినంత మాత్రాన ఆ జాతి సంఖ్య ఎక్కువని చెప్పలేము. అది ఎక్కువగా తిరుగాడుతున్నదని కూడా కావచ్చు. అందుచేత పోల్చదలచిన ప్రతి చోటా గ్లాసులూ, రోజులూ, ఋతువూ సమానంగా ఉండాలి. దొరికిన చోటును తప్పక వ్రాసుకోవాలి.

ఈ చివరి నియమం ఎంత ముఖ్యమో మన గుత్తి చెబుతుంది. 1899లో పోకాక్ వర్ణించిన నీలి సాలెపురుగు అక్కడి రైల్వే కలప యార్డులో దొరికింది. కాని అది చెట్టు తొర్రలలో నివసించే జీవి. కలపతోపాటు రైలెక్కి వచ్చి ఉంటుందని నిపుణుల భావన. నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో అది తిరిగి కనిపించినది 2001లో. చిరునామా దొరకడానికి నూటరెండేళ్ళు పట్టింది! నేడది అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతులలో ఒకటి.

రోడ్లకూ గట్లకూ మొరం కావలసిందే. మా వృత్తిలో ఆ అవసరం మాకు తెలుసు. త్రవ్వకానికి ముందే ఇటువంటి లెక్క ఉంటే, ఏ బండను విడిచిపెట్టాలో తెలుస్తుంది. త్రవ్విన తరువాత లెక్కించడానికి ఏమీ మిగలదు.

మన పిల్లలు రాయెత్తి చూడదలిస్తే పెద్దల సమక్షంలో, చేతితో కాక కర్రతో ఎత్తాలి. చూసిన పిదప ఆ రాయిని ఉన్నచోటనే, ఉన్నట్టుగానే దించాలి. ఎంతైనా అది ఒకరి ఇంటికప్పు గదా!