జొన్నకూడు – పసిబిడ్డలు

పలనాటి జొన్నకూటిని చూచి శ్రీనాథుడు విసిగెనని చాటుపద్యములు చెప్పుచున్నవి. సన్నబియ్యపు రుచి మరగిన ఆ కవిసార్వభౌమునకు జొన్నయంబలి సహింపకపోయెను. పిదప మనమును జొన్నను పేదల కూడని నమ్మితిమి. నేడు మా దాచేపల్లిలో పసివారి కంచములలో సన్నబియ్యమే కానవచ్చును. అయినను తల్లుల ప్రశ్నలు తీరలేదు.

“బిడ్డ అన్నము ముట్టడు, ఏమి చేయవలెను?” అందురు. పలుమారు కారణము పాలే. ఏడాది దాటిన బిడ్డ దినమునకు అరలీటరుకు మించి పాలు త్రాగినచో ఆకలి చచ్చును. పాలలో ఇనుము మిక్కిలి తక్కువ గనుక నెత్తురును పలుచబడును. మా మనుమరాలు అట్లే పాలిపోయెను. వైద్యునికి చూపి, పాలు తగ్గించిన పిమ్మట తేరుకొనెను.

“జొన్న అరుగునా?” ఆరు నెలలు నిండినచో మెత్తని జావ అరుగును. తెల్లబియ్యముకన్న జొన్నలో ఇనుమును పీచును అధికము. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో రాగిజావను ప్రవేశపెట్టిరి. పప్పు, ఆకుకూర, గ్రుడ్డు తోడుగా నుండవలెను. నిమ్మరసము ఇనుమును ఒంటికి పట్టించును, తేనీరు అడ్డగించును.

“కారమో?” మనది మిరపసీమయే. కాని ముందు బిడ్డ ముద్ద వేరుగా తీసి, పిదప కారము కలుపుకొనుడు.

“ఎంత తినవలెను?” ఏమి పెట్టవలెనో, ఎప్పుడు పెట్టవలెనో తల్లి యెరుగును, ఎంత తినవలెనో బిడ్డ కడుపెరుగును. బెదరించి కుక్కిన ముద్ద ఒంటబట్టదు. బరువు పెరుగనిచో మాత్రము వైద్యునికి చూపవలెను.

శ్రీనాథుడు అతిథి, విసిగి వెడలిపోయెను. మన బిడ్డలు ఇచ్చట పెరుగవలసినవారు. వారమునకు రెండుమారులైనను జొన్నముద్దను వారి కంచమునకు మరల తెత్తము.