పాత ఆటో కొనేటప్పుడు

కొత్త ఆటో కొనడం అందరి వల్లా కాదు. అందుకే చాలామంది పాత బండి కొంటారు. అవి అమ్మే చోటును ఆటో కన్సల్టెన్సీ అంటారు. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని, కొడుకును వెంటబెట్టుకుని తల్లి అక్కడికి వెళ్తుంది. ధర అడిగేది తల్లి. జవాబు మాత్రం కొడుక్కి చెప్తారు! అదీ సూటిగా చెప్పరు. "మీ దగ్గర ఎంతుంది?" అని ఎదురడుగుతారు. "సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది, బయానా ఇచ్చేయండి" అని తొందరపెడతారు. ఆ మాటకు లొంగిపోకండి. కొత్త రంగు చూసి మురిసిపోకండి. రంగు కింద తుప్పు ఉండొచ్చు. తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్లండి.

అసలు చిక్కు కాగితాల్లో ఉంటుంది. బండి ఎవరిదో చెప్పే కాగితం ఆర్.సి. మనవాళ్లు సి-బుక్కు అంటారు. అందులో ఛాసిస్ నంబరు ఉంటుంది. అదే నంబరు బండి ఇనుము మీద కూడా చెక్కి ఉంటుంది. రెండూ ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క అంకె చదివి చూడండి. చదువు నేర్చిన ఆడవాళ్లు ఈ పని ఇంకొకరికి వదలక్కర్లేదు.

సి-బుక్కులో ఫైనాన్సు కంపెనీ పేరు ఉందా? అయితే బాకీ తీరినట్టు ఆ కంపెనీ సంతకం చేసిన 35వ నంబరు ఫారం అడగండి. బాకీ ఉంటే ఫైనాన్సు వాళ్లు బండిని పట్టుకుపోవచ్చు.

"పేరు తర్వాత మార్చుకుందురులే" అంటే ఒప్పుకోకండి. 29, 30 నంబరు ఫారాల మీద పాత యజమాని సంతకం కావాలి. కొన్న 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలపాలి.

2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల వ్యాపారికి రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలి. అది చూపించమని అడగవచ్చు. బయానాకు కూడా రసీదు రాయించుకోవాలి. అందులో బండి నంబరు, మొత్తం ధర, ఇచ్చిన సొమ్ము, తేదీ ఉండాలి.